నిప్పురవ్వ పడిన టెంటుకు మాసిక

దేవమాలి కొండమీద టెంటు వేసుకుని రాత్రి గడపడం కోరాపుట్ జిల్లాలో ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. 1672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన ఈ కొండ పైభాగం చాలావరకు గడ్డి నేల కాబట్టి గాలికి అడ్డు ఉండదు. చలికాలపు రాత్రులలో ఆ గాలికి ఓర్చుకోలేక జనం నెగళ్లు వేసుకుంటారు. మొన్నటి శీతాకాలంలో మాకు గాలి వచ్చే దిక్కున దిగిన ఒక బృందం వేసుకున్న నెగడు నుంచి రవ్వలు ఎగిరి వచ్చి మా టెంటు పైకప్పుమీద పడ్డాయి. తెల్లవారాక చూస్తే పైకప్పుకు రూపాయి బిళ్లంత చిల్లు ఒకటి, దాని చుట్టుపక్కల ఆవగింజంత రంధ్రాలు కొన్ని కనిపించాయి. టెంటు విప్పి మడిచేటప్పుడు, గడ్డిలో దాగి ఉన్న ఏదో మోడు గుచ్చుకుని అడుగు పట్టా కూడా ఎల్ ఆకారంలో చిరిగిందని, తలుపు దోమతెరకు చిన్న కన్నం పడిందని తెలిసింది. ఈ మూడింటినీ నేను జయపురంలో మా ఇంటివద్దనే బాగుచేసుకున్నాను. ఆ పని సాగిన విధాన్ని, ముఖ్యంగా పైకప్పు చిల్లు విషయంలో ముందుగా తేల్చుకోవలసి వచ్చిన సంగతులను వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్లో టెంటు బాగుచేయించుకోవాలంటే ఎవరైనా మొదట చూపించేది పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే టెంట్ హౌస్‌నే. నేనూ అక్కడినుంచే మొదలుపెట్టాను. అక్కడ షామియానాలకు మాసికలు వేసే పనివాడు మా పైకప్పు గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, దబ్బనం, మైనం పట్టించిన నూలు దారం తీసుకువచ్చాడు. ఆయన పనితనంలో లోపమేమీ లేదు. ఆయన పనిచేసే గుడ్డ వేరు. మందపాటి నూలు కాన్వాసు తడిసినప్పుడు దాని పోగులు ఉబ్బి, సూది చేసిన రంధ్రాన్ని తామే పూడ్చుకుంటాయి. అందువల్ల కాన్వాసుకు కుట్టు ఒక్కటే చాలును. మా పైకప్పు గుడ్డ పాలియెస్టర్; ఆ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు, ఉబ్బదు. సూది దిగిన ప్రతిచోటా ఒక కొత్త రంధ్రం శాశ్వతంగా నిలిచిపోతుంది. రూపాయి బిళ్లంత చిల్లు చుట్టూ మాసిక కుట్టించుకుంటే ఒక పెద్ద చిల్లుకు బదులు నలభై యాభై చిన్న చిల్లులు మిగులుతాయి. నీరు కారకూడని పైకప్పుమీద సూది పెట్టకూడదని నేను అక్కడే నిర్ణయించుకున్నాను.

అప్పుడు మిగిలేది జిగురు. జిగురు మాట వచ్చేసరికి చిల్లు ఎంత పెద్దదన్నది రెండో ప్రశ్న అవుతుంది. గుడ్డమీద ఉన్న పూత ఏది, అది ఏ వైపున ఉంది అన్నదే మొదటి ప్రశ్న. నేటి టెంట్ల పైకప్పులను పాలియెస్టర్‌తో గాని, నైలాన్‌తో గాని నేస్తారు. ఈ గుడ్డలు ఎంత దట్టంగా నేసినవైనా నేత సందులలో నుంచి నీరు దిగుతుంది కాబట్టి వాటిమీద పలుచని పొర ఒకటి వేస్తారు. సాధారణ ధరలో దొరికే టెంట్లలో ఆ పొర పాలీయురెథేన్; తేలికగా ఉండాలని తయారుచేసే ఖరీదైన టెంట్లలో తరచు సిలికోన్. పాలీయురెథేన్ పొరను లోపలి వైపున వేసి, బయటి వైపున నీటి బొట్లు నిలవకుండా జారిపోవడానికి వేరొక రసాయనాన్ని పట్టిస్తారు. సిలికోన్ అయితే చాలావాటిలో రెండు వైపులా పోగులలోకి ఇంకి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది: సిలికోన్ పూత మీద సిలికోన్ జిగురు తప్ప మరేదీ నిలకడగా పట్టదు, పాలీయురెథేన్ పూత మీద సిలికోన్ జిగురు పెడితే అది ఆరిన తరువాత గోటితో లేపితే ఊడి వస్తుంది, పైగా ఆ చోట సిలికోన్ జిడ్డు మిగిలి సరైన జిగురును కూడా పట్టనివ్వదు. తెలియక పెట్టిన జిగురు పనిచేయకపోవడమే కాక తరువాతి మరమ్మతుకు దారి మూసేస్తుందన్నమాట.

పూత ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పైకప్పును తిరగేసి కుట్ల వెంబడి చూడాలి. కుట్టుమీద వేలెడు వెడల్పున పారదర్శకమైన పట్టీ ఒకటి కర్మాగారంలోనే అంటించి ఉంటే ఆ వైపున ఉన్నది పాలీయురెథేన్ పూతే. ఎందుకంటే వేడితో అంటించే ఆ పట్టీ సిలికోన్ మీద నిలవదు. పట్టీ లేకపోతే చిన్న మాస్కింగ్ టేపు ముక్కను ఒక మూల అంటించి లాగి చూడవచ్చు. సిలికోన్ మీద అది దాదాపు పట్టకుండానే జారి వస్తుంది. మా టెంటు పైకప్పు లోపలి వైపున కుట్లన్నింటికీ పట్టీ ఉంది. లేబుల్ మీద పైకప్పుకు 2000 మి.మీ., అడుగుకు 3000 మి.మీ. అని అచ్చువేసి ఉంది. గుడ్డమీద నిలువుగా నీటి స్తంభం నిలబెట్టి ఎత్తు పెంచుకుంటూ పోతే, ఎంత ఎత్తు వద్ద నీరు గుడ్డ దాటి వస్తుందో చెప్పే కొలత అది. వాన నీరు పైకప్పుమీద పడి జారిపోతుంది కాబట్టి దానికి తక్కువ కొలత చాలును. అడుగు పట్టామీద మనిషి మోకాలు ఆనించినప్పుడు కింది తడినేల నుంచి నీరు ఒత్తిడితో పైకి రావాలని చూస్తుంది కాబట్టి దానికి ఎక్కువ కావాలి. ఈ తేడా వల్లనే పైకప్పుకు చేసిన మరమ్మతు, అడుగుకు చేసిన మరమ్మతు ఒకలా ఉండలేదు.

మాసిక గుడ్డ కోసం బజారులో గొడుగులు బాగుచేసే ముసలాయన వద్దకు వెళ్లాను. నలుపు, వెండి రంగు గొడుగు గుడ్డలు ఆయన వద్ద కట్టలుగా ఉన్నాయి. వాటిలో ఒకదానిమీద నీళ్లు పోసి, గుడ్డ కింద అరచేయి పెట్టి చూడమన్నాడు. కాసేపటికి చేయి తడిసింది.

“గొడుగు గుడ్డ నీటిని ఆపీదేటి బాబూ, జార్చీడమే దాని పని. వాలుగా లాగి కట్టినంతసేపే అది గొడుగు” అన్నాడాయన.

టెంటు పైకప్పుకు కూడా సగం సత్యం ఇదే. వదులుగా కట్టిన పైకప్పులో నీరు గుంట కట్టి నిలుస్తుంది. ఆ గుంట సరిగ్గా మాసిక మీద పడితే ఎంత మంచి జిగురైనా అనవసరమైన పరీక్షకు గురవుతుంది. ఆయన ఇస్తానన్న గొడుగు గుడ్డకు పూత లేదు గనుక మాసికకు తీసుకోలేదు గాని, ఆయన చెప్పిన మరొక మాటను తుచ తప్పకుండా పాటించాను. గుడ్డకు నిలువు పోగులు, అడ్డ పోగులు ఉంటాయి. ఆ రెండు దిక్కులలో లాగితే గుడ్డ సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. మాసిక పోగులు అసలు గుడ్డ పోగులతో ఒకే దిక్కున ఉండేలా పెట్టకపోతే, టెంటును బిగించి కట్టినప్పుడు గుడ్డ ఒక రకంగాను, మాసిక మరొక రకంగాను సాగి, అంచుల వెంబడి ముడతలు వస్తాయి. ఆ ముడతల కిందనుంచే జిగురు విడవడం మొదలవుతుంది.

చివరకు మాసిక గుడ్డ మా టెంటు సంచిలోనే దొరికింది. తయారీదారు ఆ సంచిని పైకప్పు కోసం నేసిన గుడ్డలో మిగిలిన ముక్కలతోనే కుట్టినట్లుంది; రంగు, నేత, లోపలి మెరుపు అన్నీ ఒకటే. మూతి వద్ద తాడు దూర్చడానికి మడిచిన భాగానికి పైన అరచేతి వెడల్పున గుడ్డ వృథాగా ఉంది. దానిని కత్తిరించి అంచు మళ్లీ మడిచి కుట్టించాను. టెంటు కొన్నప్పుడు దానితో పాటు చిన్న గుడ్డ ముక్క ఇచ్చే తయారీదారులు కూడా ఉన్నారు. స్తంభాల సంచిలోనో, మేకుల సంచిలోనో అది పడి ఉంటుంది కాబట్టి కత్తెర పట్టేముందు వెతుక్కోవడం మంచిది.

సంచి నుంచి వచ్చిన గుడ్డలో మాసికకు కావలసినది పోగా మిగిలిన పీలికలమీద, ఊళ్లో దొరికిన జిగుర్లను ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూశాను. క్షణాలలో పట్టే గమ్ నిజంగానే క్షణాలలో పట్టింది. అయితే ఆరిన తరువాత ఆ చోటు గాజు పెంకులా గట్టిపడి, గుడ్డను మడవగానే తెల్లగా చిట్లింది. మడిచి సంచిలో కుక్కవలసిన వస్తువుకు అది పనికిరాదు. చెప్పులు కుట్టేవారు వాడే పసుపుపచ్చ రబ్బరు జిగురు మెత్తగానే ఉండి మొదట బాగా పట్టింది గాని, ఆ పీలికను మధ్యాహ్నపు ఎండలో డాబామీద ఉంచి చివరలు లాగితే మెల్లగా జారింది. కిటికీ అద్దాల చుట్టూ పూసే సిలికోన్ సంగతి ముందే చెప్పాను; పీలికమీద అది అనుకున్నట్లుగానే పొరలా ఊడి వచ్చింది. చివరికి టెంట్లు, వానకోట్లు బాగుచేసుకోవడానికే తయారయ్యే పాలీయురెథేన్ జిగురు గొట్టం ఒకటి బయటనుంచి తెప్పించుకున్నాను. ఇది గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. ఆరిన తరువాత కూడా రబ్బరులా వంగుతుంది. పూత, జిగురు ఒకే జాతివి కావడం వల్ల పీలికమీద గోరు పెట్టి గీకినా, మడిచి నలిపినా విడవలేదు. ధర ఎక్కువే, అయినా చేతిలో ఇమిడే ఆ చిన్న గొట్టం చాలా మరమ్మతులకు వస్తుంది.

కొండమీద ఉండగా చిల్లు పెద్దది కాకుండా తాత్కాలికంగా ఒక టేపు అంటించి దిగాము. ఇంటికి వచ్చాక ఆ టేపు తీస్తే దాని బంక గుడ్డమీద మిగిలింది. దానిని తొలగించడానికి మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని బట్టమీద వేసుకుని, ఒకే దిక్కుగా తుడుస్తూ పోయాను. గోళ్ల రంగు తుడిచే ద్రవాలలో ఉండే ఎసిటోన్ ఇంతకన్నా వేగంగా పనిచేస్తుందని చాలామంది సలహా ఇస్తారు. అది పూతను కూడా కరిగించగలదు కాబట్టి దాని జోలికి పోలేదు. శుభ్రం చేయడం విసుగు పుట్టించే పనే అయినా, నా లెక్కన మొత్తం మరమ్మతులో సగానికి మించిన పని అదే. కొండమీద పొగ, ఎర్రమట్టి ధూళి, చేతుల జిడ్డు, నెగడు బూడిద ఇవన్నీ కంటికి కనబడనంత పలుచగా గుడ్డకు పట్టి ఉంటాయి. జిగురు వాటికి అంటుకుంటుంది గాని గుడ్డకు అంటుకోదు. చిల్లు చుట్టూ నాలుగు వేళ్ల మేర లోపలి వైపు, బయటి వైపు కూడా, తుడిచిన బట్టకు మురికి రావడం ఆగేవరకు తుడిచి, ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోయేవరకు నీడలో ఉంచాను.

నిప్పురవ్వ చేసిన చిల్లుకు ఒక ప్రత్యేకత ఉంది. పాలియెస్టర్ కాలి బూడిద కాదు, 250 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. కరిగినది చిల్లు అంచున ముడుచుకుని, చల్లారి, గట్టి పూసలాంటి వలయంగా మిగులుతుంది. దానిని అలాగే ఉంచి మాసిక వేస్తే మాసిక సమంగా కూర్చోదు. టెంటు మడిచిన ప్రతిసారీ ఆ గట్టి అంచు లోపలినుంచి మాసికను ఒరుసుకుంటుంది. గోళ్లు తీసే చిన్న కత్తెరతో ఆ అంచును పూర్తిగా కత్తిరించి తీసేశాను. చిల్లు కాస్త పెద్దదయింది గాని గుండ్రంగా, నునుపుగా వచ్చింది. గుండ్రంగా ఉండడం ముఖ్యం. మూల ఉన్నచోట బిగువంతా ఆ మూల కొసకే చేరి అక్కడినుంచి చిరుగు పాకుతుంది. అడ్డదిడ్డంగా మందపాటి పోగులు వేసి గళ్లగళ్లుగా నేసిన గుడ్డ అయితే ఆ పోగుల వద్ద చిరుగు ఆగుతుంది. మా పైకప్పు అలాంటిది కాదు, సాదా నేత.

మాసికను కూడా ఇదే కారణంతో గుండ్రంగా, చిల్లు అంచుకు అన్ని వైపులా దాదాపు 3 సెంటీమీటర్లు మించి ఉండేలా కత్తిరించాను. పోగుల దిక్కు తెలియడానికి మాసిక మీద, పైకప్పు మీద సుద్దముక్కతో ఒక్కొక్క గీత గీసి పెట్టుకున్నాను. ఏ వైపున అంటించాలన్న విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. బయటి వైపున అంటిస్తే నీరు మాసిక మీదనుంచి జారిపోతుంది గనుక అదే సహజమనిపిస్తుంది. అయితే నీటిని జార్చే రసాయనం బయటి వైపునే ఉంది, అది నీటితో పాటు జిగురును కూడా సరిగ్గా పట్టనివ్వదు. లోపలి వైపున పూత ఉంది, అక్కడ జిగురు గట్టిగా పడుతుంది. అందువల్ల అసలు మాసికను లోపలి వైపున, పూతకు పూత ఎదురుగా వచ్చేలా అంటించి, బయటి వైపున చిల్లు అంచు కనబడే వలయం మీద మాత్రం జిగురు పలుచగా పూసి నీరు అంచులోకి దిగకుండా చేయాలని నిర్ణయించుకున్నాను.

అంటించే రోజున పైకప్పును రొట్టెలపీట మీద బయటి వైపు పైకి వచ్చేలా పరిచి, చిల్లుమీద మాస్కింగ్ టేపు వేసి తిరగేశాను. ఇలా చేస్తే గుడ్డ కదలదు, చిల్లులోనుంచి జిగురు కిందికి కారదు. ఆ తరువాత మాసికకు జిగురు రాసి, పాత ఏటీఎం కార్డు అంచుతో లాగి పలుచని సమమైన పొరగా చేశాను. మందంగా రాస్తే బలం పెరుగుతుందనుకుంటాము గాని, మందపు పొర లోపల ఆలస్యంగా ఆరుతుంది, గట్టిగా ఉబ్బుగా మిగులుతుంది. సుద్ద గీతలు కలిసేలా మాసికను ఆనించి, మధ్యనుంచి అంచులవైపు అప్పడాల కర్రతో దొర్లిస్తూ గాలి బుడగలను బయటికి పంపాను. అంచునుంచి ఒలికిన జిగురును తుడిచివేయకుండా వేలితో అంచుమీదికే రాసి వదిలేశాను. అంచు లేవకుండా ఆ కొద్దిపాటి జిగురే కాపు కాస్తుంది. పైన వెన్నకాగితం, దానిమీద పీట, దానిమీద బియ్యం డబ్బా పెట్టాను. గొట్టం మీద 12 గంటలలో ఆరుతుందని రాసి ఉంది గాని, మా ప్రాంతపు శీతాకాలపు చలిలో తొందరపడకుండా రెట్టింపు సమయం ఇచ్చాను. తరువాత టేపు తీసి, బయటి వలయాన్ని మరొకసారి ఆల్కహాల్‌తో తుడిచి, అంచుమీద జిగురు పూసి మళ్లీ అంతసేపు ఆరనిచ్చాను. ఆరిన తరువాత కూడా ఆ చోటు కొంచెం పట్టుకుంటూ ఉంటుంది కాబట్టి మడతలో గుడ్డకు గుడ్డ అతుక్కోకుండా ముఖానికి రాసుకునే పౌడరు కొంచెం అద్దాను.

ఆవగింజంత రంధ్రాలకు మాసిక అక్కరలేదు. వెలుతురుకు ఎదురుగా పైకప్పును పట్టుకుని అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చుట్టూ సుద్దతో గుర్తు పెట్టుకుని, శుభ్రం చేసి, లోపలి వైపున అగ్గిపుల్ల కొసతో ఒక్కొక్క జిగురు చుక్క పెట్టి పలుచగా రాస్తే సరిపోయింది.

అడుగు పట్టా విషయంలో మాత్రం సూది అవసరమయింది. ఎల్ ఆకారపు చిరుగుకు రెండు అంచులు ఒకదానికొకటి దూరంగా విచ్చుకుని ఉన్నాయి. ఆ మూల వద్ద ముక్క నాలుకలా మడత పడుతోంది. మనుషులు దొర్లే, మోకాళ్లు ఆనే చోట ఈ లాగుడునంతటినీ జిగురు ఒక్కటే మోయలేదు. మా వీధి దర్జీ దానిని మిషన్ మీద పెడతానన్నాడు. ఆయన మిషన్‌కు అప్పటికి సంచులు కుట్టే 16వ నంబరు సూది తగిలించి ఉంది. అంతకన్నా సన్నని 11వ నంబరు సూది వేసినా, మిషన్ కుట్టు దగ్గరదగ్గరగా ఒకే వరుసలో పడి చిరుగు పక్కనే మరొక చిరగబోయే గీతను తయారు చేస్తుందని నా అనుమానం. ఆ మాట చెబితే ఆయన నొచ్చుకోలేదు. “అయితే మాస్టారూ, చేత్తో కుట్టుకుంటే మీకే మంచిది, అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కనివ్వకండి, ఎక్కితే గుడ్డ ముడుచుకుంటాది” అని చెప్పి సన్న పాలియెస్టర్ దారం ఉండ ఒకటి ఇచ్చాడు. అంచులు కేవలం తాకేలా దగ్గరకు తెచ్చి, 4 మి.మీ. ఎడంగా, ఒక కుట్టు లోతుగా ఒక కుట్టు పైపైన వేస్తూ కుట్టాను. కుట్లన్నీ అంచుకు ఒకే దూరంలో పడకుండా ఇలా ముందువెనుకలుగా వేయడం వల్ల లాగుడు ఒకే వరుస పోగులమీద పడదు. నూలు దారం తడిసి కుళ్లుతుంది కాబట్టి వాడకూడదు. కుట్టిన తరువాత లోపలి వైపున, కింది వైపున కూడా పెద్ద మాసికలు జిగురుతో అంటించాను. రెండింటి మధ్యలో కుట్లు, వాటి రంధ్రాలు మూసుకుపోయాయి. కింది మాసికను పై మాసిక కన్నా వేలెడు పెద్దదిగా కత్తిరించాను. రెండు అంచులూ ఒకే గీతమీద పడితే గుడ్డ అక్కడే మడత పడి అరుగుతుంది.

దోమతెర కన్నం చిన్నదే, దాని పని కూడా త్వరగా అయింది. కోరాపుట్, మల్కాన్‌గిరి వైపు మలేరియా ఎంతగా ఉందో ఎరిగినవాళ్లెవరూ దానిని చిన్న విషయమని వదిలేయరు. ఇంట్లోని పాత దోమతెర ముక్కను కన్నం కన్నా పెద్దదిగా తీసుకుని, సన్న దారంతో చుట్టూ కుట్టాను. ఇక్కడ నీటి భయం లేదు కాబట్టి జిగురు అవసరం రాలేదు.

పైకప్పు పనిచేస్తున్నదో లేదో చూడడానికి డాబామీద టెంటు వేసి, మాసిక ఉన్న చోటును చేత్తో కిందినుంచి కొంచెం లాగి గుంటగా చేయించి, అందులో చెంబుతో నీళ్లు పోయించాను. లోపల మాసిక కింద పొడి కాగితం పట్టుకున్నాను. ఆ గుంటలో నీరు అరగంట నిలిచినా కాగితం తడవలేదు. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు ఉరుములతో పడే వానలలో ఒకటి టెంటు డాబామీద ఉండగానే వచ్చి ఈ పరీక్షను మరింత గట్టిగా చేసింది. ఆ వానలోనూ లోపలికి చుక్క రాలేదు.

అయితే మరుసటి సారి చలిలో టెంటు వేసుకున్నప్పుడు తెల్లవారుజామున పైకప్పు లోపలి వైపు తడిగా కనబడి, మాతో వచ్చినవారు మాసిక కారుతోందని తేల్చేశారు. ఇది చాలామందికి కలిగే భ్రమ. లోపల నిద్రించేవారి ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరవుతుంది. అది పైకప్పు అంతటా మసకగా, పలుచగా పడుతుంది, మాసిక ఉన్నచోట ప్రత్యేకంగా ఉండదు. కారడం వేరు: తడి ఒకేచోట మొదలై అక్కడినుంచే కిందికి చార కడుతుంది. ఆ ఉదయం మాసిక చుట్టూ వేలితో తుడిచి కాసేపు చూస్తే తుడిచిన చోటు పొడిగానే ఉండిపోయింది. రాత్రిపూట గాలి కిటికీలు కొంచెం తెరిచి పడుకోవడమే దానికి మందు. జిగురుతో పోయేది కాదు.

మరమ్మతు చేసిన టెంటును ఇప్పుడు దాని సంచిలో బిగించి ఉంచడం మానేసి, పాత నూలు దిండుగలీబులో వదులుగా మడిచి, అటక మీద గాలి తగిలేచోట ఉంచుతున్నాను. పాలీయురెథేన్ పూతకు వేడి, తేమ కలిస్తే శత్రువులు. వానాకాలంలో తడి ఆరకుండా మడిచి పెట్టిన టెంటు పూత కొన్నేళ్లలో జిగటగా మారి, పుల్లని వాసన వేస్తూ పొరలుగా రాలుతుంది. ఆ దశకు చేరిన గుడ్డమీద ఏ మాసికా నిలవదు, ఎందుకంటే మాసిక అంటుకున్న పూతే గుడ్డను విడిచిపెడుతుంది. కొండ దిగి వచ్చిన ప్రతిసారీ, చూడటానికి పొడిగా ఉన్నా సరే, ఒక పూట నీడలో ఆరవేయడం తప్పనిసరి.

ఇటీవల తలుపువైపు మూల వద్ద కర్మాగారం అంటించిన కుట్టు పట్టీ ఒక జానెడు మేర లేచినట్లు కనిపించింది. గొట్టంలో జిగురు ఇంకా సగానికి పైగా ఉంది. ఒకసారి తెరిచిన గొట్టం గాలి తేమకు లోపలే గడ్డకడుతుంది కాబట్టి మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో దాచాను. లేచిన పట్టీని పూర్తిగా ఊడదీసి, కింద మిగిలిన పాత బంకను ఆల్కహాల్‌తో తుడిచి, కుట్టు వెంబడి ఈ జిగురునే పలుచగా రెండు పూతలు వేయాలనుకుంటున్నాను. జూన్‌లో వానలు పట్టుకుంటే డాబామీద పరిచి ఆరబెట్టే వీలు ఉండదు గనుక మే నెలాఖరులోగా అది పూర్తిచేయాలి.